అప్పు తీరింది సరే, కాయితమేదీ?

అమెరికాలో ఉండే మనవాళ్ళకి కారు టైటిల్ గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. లోను కడుతున్నన్నాళ్ళూ దానిమీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది, ఆఖరి వాయిదా కట్టేశాక బ్యాంకు తన హక్కు వదులుకుంటుంది, టైటిల్ మన చేతికొస్తుంది. చాలామందికి తెలియని ముచ్చట ఏంటంటే, అక్కడి మొబైల్ హోములకి కూడా చాలా రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. ఫ్యాక్టరీలో తయారై, ట్రక్కు వెనకాల కట్టుకుని తెచ్చి దింపే ఇల్లు కాబట్టి చట్టం దాన్ని ఇల్లుగా కాక బండిగా చూసింది. కింద నేలకి దస్తావేజు, పైన ఇంటికి కారుకున్నట్టు టైటిల్ సర్టిఫికెట్టు. తర్వాత ఎప్పుడైనా ఇంటిని పునాది మీద శాశ్వతంగా బిగించుకుంటే ఆ టైటిల్ వెనక్కిచ్చేసి "ఇది ఇక బండి కాదు, స్థిరాస్తి" అని రాయించుకునే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంది.

ఆ మధ్య నాతో పనిచేసే ఒక అమెరికనాయన చెప్పాడు. వాళ్ళమ్మ తన మొబైల్ హోము మీద అప్పంతా తీర్చేసి చాలాకాలమైంది, టైటిల్ మాత్రం రాలేదు. అప్పిచ్చిన కంపెనీ ఇంకోదాంట్లో కలిసింది, అది మరోదాంట్లో కలిసింది. ఇప్పుడు అప్పు తీరిందని సంతకం పెట్టాల్సినవాడు ఎవడో తేలట్లేదు. "డబ్బు కట్టటం మా అమ్మ పని, కట్టింది. మిగతాది కూడా ఆవిడ పనేనా?" అన్నాడు.

ఆ ప్రశ్న వినగానే నాకు మా చెవిటికల్లు గుర్తొచ్చింది. ఎందుకంటే అక్కడ ఇదే ప్రశ్న నా చిన్నప్పట్నుంచీ వింటున్నాను, కాకపోతే మాటలు వేరు. "అప్పు తీరింది సరే, కాయితమేదీ?"

సాఫ్టువేరు వాళ్ళం కాబట్టి ఇలా చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. అప్పు ఇవ్వటం అంటే ఆస్తి మీద ఒక లాక్ వెయ్యటం. లాక్ వేసే పని ఎప్పుడూ ఒకే దెబ్బకి జరిగిపోతుంది. సంతకం పడందే డబ్బు చేతికి రాదు. విప్పే పని మాత్రం రెండు ముక్కలు. డబ్బు కట్టటం ఒక ముక్క, కాయితం వెనక్కి రావటం రెండో ముక్క. మొదటిది అప్పు తీసుకున్నవాడి చేతిలో ఉంది, రెండోది ఇచ్చినవాడి చేతిలో. ఈ రెండిటినీ కలిపి ఒకే ట్రాన్సాక్షనుగా కట్టెయ్యాలని మన దగ్గర నూటయాభై ఏళ్ళ పైనుంచి చట్టాలు తంటాలు పడుతూనే ఉన్నాయి. ఆ తంటాలు మా మెట్ట ప్రాంతంలోంచి చూస్తే ఎలా కనపడతాయో చెప్దామని ఇది.

ముందు ఊరి సంగతి. చెవిటికల్లు కంచికచర్ల మండలం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, మాకింకా నోరు తిరగలేదు, కృష్ణా జిల్లా మెట్ట అనే అంటాం. కృష్ణ ఊరి పక్కనే పారుతుంది. పారి ఏం లాభం? 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట నీళ్ళు పోయింది దిగువకి. డెల్టా వాళ్ళు వరి పండించి మేడలు కట్టుకున్నారు, ఆనకట్టకి ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్ళం ఆకాశం కేసి చూస్తూ జొన్న, మిరప, పత్తి, పొగాకు వేసుకున్నాం. సాగర్ ఎడమ కాలవ ఈ వైపుకొచ్చేదాకా మెట్ట రైతు బతుకు ఒక వానకీ ఇంకో వానకీ మధ్య అప్పు మీద నడిచిందే. అందుకే మా తాతల తరానికి తనఖా, చెల్లు, వాయిదా, ముద్దతు లాంటి మాటలు మనకి బగ్గు, బిల్డు లాగా రోజువారీ మాటలు.

వాటన్నిట్లోకీ ప్రమాదకరమైంది షరతు అమ్మకం. పైకి చూస్తే క్రయ దస్తావేజే. "నా రెండెకరాలు ఇన్ని రూపాయలకి నీకు అమ్మాను. ఫలానా తేదీలోగా ఆ డబ్బు తిరిగిచ్చేస్తే పొలం నాకు తిరిగి రాసివ్వాలి. ఇవ్వలేకపోతే అమ్మకం ఖాయం." అప్పుకి అమ్మకం వేషం అన్నమాట. వాయిదా ఒక్కరోజు దాటినా పొలం పోతుంది, అప్పు ఎంత, పొలం విలువెంత అనే లెక్కే లేదు.

ఇది న్యాయమేనా అని కోర్టులు కూడా చాలాకాలం తేల్చుకోలేకపోయాయి. మద్రాసు సదర్ అదాలత్ కోర్టు 1858 నుంచి ఒక కొత్త దారి పట్టింది. పేరు అమ్మకమైనా లోపల ఉన్నది అప్పే కాబట్టి, వాయిదా దాటినా డబ్బు కట్టి పొలం విడిపించుకోవచ్చు అంది. రైతులు ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా పుష్కరం తిరిగాక, 1870లో, లండన్లోని ప్రీవీ కౌన్సిల్ పట్టాభిరామయ్యర్, వెంకటరావు నాయకన్ల కేసులో ఆ దారి తప్పంది. ఒప్పందంలో ఏముందో అదే చెల్లుతుంది, వాయిదా దాటితే పొలం కొన్నవాడిదే. 1875లో తంబుసామి మొదలి కేసులో మళ్ళీ అదే మాట అంటూనే, ఈ లోపల జనం మద్రాసు కోర్టుల మాట నమ్ముకుని బోలెడు లావాదేవీలు చేసేసుకున్నారు కదా, దీన్ని చట్టం చేసి తేలిస్తే మేలు అని ఒక సలహా కూడా పడేసింది. ప్రొడక్షన్లో పన్నెండేళ్ళు నడిచిన కోడు తప్పని పైవాడు తేల్చి, కానీ ఇప్పుడు వెనక్కి తిప్పితే సిస్టం కూలుతుంది అని నసిగితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ తీర్పు.

ఆ చట్టం 1882లో వచ్చింది, ఆస్తి బదిలీ చట్టం. మనవాళ్ళు టి.పి. యాక్టు అంటారు. ఈ కథకి అందులో 60వ సెక్షను గుండెకాయ. దాన్ని మామూలు మాటల్లో చెప్తే ఇంతే. బాకీ గడువుకొచ్చాక డబ్బు కట్టేస్తే, తనఖా పెట్టినవాడు మూడు అడగొచ్చు. ఒకటి, తనఖా పత్రంతో సహా ఆ ఆస్తికి చెందిన కాయితాలన్నీ వెనక్కి ఇవ్వమని. రెండు, పొలం అప్పిచ్చినవాడి స్వాధీనంలో ఉంటే అప్పజెప్పమని. మూడు, తన ఖర్చుతోనే అనుకోండి, ఆస్తిని తిరిగి రాసివ్వమని, లేదా తనఖా తీరిపోయిందని రాసి రిజిస్టరు చేయించమని. కాయితం వెనక్కి రావటం అప్పిచ్చినవాడి మంచితనం కాదు, అప్పు తీర్చినవాడి హక్కు. షరతు అమ్మకాన్ని కూడా ఇదే చట్టం తనఖాల్లో ఒక రకంగా లెక్కేసింది.

ఇక్కడో పిట్టకథ. అదే కంచికచర్ల మండలంలో పరిటాల, మొగులూరు, గని ఆత్కూరు లాంటి కొన్ని ఊళ్ళు వజ్రాల గనుల పుణ్యమా అని 1948 దాకా నిజాం ఏలుబడిలోనే ఉండిపోయాయి. చుట్టూ బ్రిటిషు ఇండియా, మధ్యలో ఈ దీవులు. 1947లో పరిటాల వాళ్ళు నిజాం మీద తిరగబడి ఏకంగా రిపబ్లిక్ ప్రకటించుకున్నారు, ఆ కథ ఇంకోసారి. ఇప్పుడు చెప్పొచ్చేదేంటంటే, బ్రిటిషు ఇండియా చట్టం ఆ ఊళ్ళకి వర్తించదు. అంటే ఒకే నేల, ఒకే మిరప, ఒకే అప్పు. పొలిమేర గట్టుకి ఈ పక్కన 60వ సెక్షను ఉంది, ఆ పక్కన లేదు.

సరే, చట్టం వచ్చింది, కథ సుఖాంతం అయిందా? ఎక్కడ! షరతు అమ్మకం అసలు తనఖానా, నిజంగా అమ్మకమేనా అని కోర్టుల్లో గొడవలు ఎక్కువయ్యేసరికి 1929లో ఒక సవరణ తెచ్చారు. తిరిగి రాసివ్వాలనే షరతు అదే దస్తావేజులో ఉంటేనే దాన్ని తనఖా అనాలి, విడి కాయితంలో ఉంటే కాదు అని. ఉద్దేశం మంచిదే, గందరగోళం తగ్గుతుందని. అప్పులిచ్చేవాళ్ళు దాన్ని ఎలా చదివారో మీరు ఊహించే ఉంటారు. ఒక కాయితం మీద శుద్ధ క్రయం, రెండో కాయితం మీద "తిరిగి అమ్ముతాను" అనే ఒప్పందం. రెండూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి తనఖా కాదు, 60వ సెక్షను రాదు. బగ్గు సరిచెయ్యటానికి వేసిన ప్యాచే కొత్త దొడ్డిదారి అయింది. ఈ విద్య ఇంకా బతికే ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని "సెక్యూరిటీ కోసమేలే" అంటే క్రయమో, అమ్మకపు అగ్రిమెంటో రాసిచ్చినవాళ్ళు మీ బంధువుల్లో కూడా ఒకరిద్దరు ఉండే ఉంటారు.

ఇంకోటి స్వాధీన తనఖా. వడ్డీ బదులు పొలాన్నే అప్పిచ్చినవాడికి అప్పజెప్పటం. పంట వాడు తింటాడు, అసలు అలాగే ఉంటుంది. మెట్ట రైతుకి అసలు మొత్తం ఒకేసారి పోగయ్యే రోజు రాదు కాబట్టి, కొడుకుల కాలం పోయి మనవల కాలం వచ్చినా పొలం అవతలివాడి నాగలి కిందే. 1908 నాటి లిమిటేషను చట్టం ఇలాంటివి విడిపించుకోవటానికి 60 ఏళ్ళు గడువిచ్చింది, 1963 చట్టం దాన్ని 30కి కుదించింది. అరవై ఏళ్ళ తర్వాత తాత సంతకాన్ని గుర్తుపట్టే సాక్షి ఎక్కడ దొరుకుతాడు? ఆఖరికి 2014లో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు, స్వాధీన తనఖాకి ఆ గడువు తనఖా రాసిన రోజు నుంచి మొదలవదు, బాకీ తీరాకే మొదలవుతుంది, ఊరికే ముప్పై ఏళ్ళు పట్టుకు కూర్చున్నంత మాత్రాన పొలం వాడిదైపోదు అని తేల్చింది. అది పంజాబు, హర్యానా వైపు పుట్టిన గొడవ గానీ తీర్పు మనకీ చెల్లుతుంది. ఈ తీర్పు వచ్చిన ఏడాది చివర్లోనే కృష్ణకి ఆవలి వైపున రాజధాని ప్రకటన వచ్చి మా వైపు ఎకరాల ధరలకి రెక్కలొచ్చాయి. ఎన్నడూ తెరవని ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. మా తాత పెట్టెలో కూడా ఇంగ్లీషు రాజు బొమ్మ ఉన్న స్టాంపు కాయితాలు రెండు బయటపడ్డాయి. ఒకటి ఎప్పుడో తీరిన తనఖా, వెనకాల చెల్లు రాసి ఉంది. రెండోదాని వెనక ఖాళీ. ఆ పొలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఊళ్ళో అందరికీ తెలుసు, కోర్టుకి వెళ్ళే ఓపిక మాత్రం మాలో ఎవరికీ లేదు. బెంగుళూరులో ఉంటూ నందిగామ వాయిదాలకి తిరగటం మాటలు కాదు మరి.

ఈ స్వాధీన తనఖాల మీద గట్టి దెబ్బ కొట్టింది మద్రాసు రాష్ట్రం. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చి పంటల ధరలు పడిపోయాయి, అప్పు మాత్రం పడదు కదా. నూరు బస్తాలు అమ్మి తీరుద్దామనుకున్న అప్పుకి రెండొందల బస్తాలు అమ్మినా చాలని పరిస్థితి. 1937లో రాజాజీ నాయకత్వంలో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చింది, మన ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రి. మరుసటి ఏడాదే అంటే 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చారు. 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పులకి 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అసలుకీ వడ్డీకీ కలిపి అప్పటికే అసలుకి రెండింతలు కట్టేసి ఉంటే, ఇక బాకీయే లేదు. మన పాత ధర్మశాస్త్రాల్లోని దామ్‌దుపత్ సూత్రం, అంటే వడ్డీ అసలుని మించకూడదనేది, శాసనసభ గుమ్మం ఎక్కిందన్నమాట. మొదట స్వాధీన తనఖాలని పక్కన పెట్టారు గానీ, 1948 సవరణతో, ముప్పై ఏళ్ళు పొలం అనుభవించి ఉంటే అప్పు తీరినట్టే లెక్క అన్నారు. డబ్బు చేతులు మారనక్కర్లేదు, కాలమే అప్పు కట్టేసింది. నాకు తెలిసి మన చట్టాల్లో లాక్ తనంతట తాను విడిపోయే ఏర్పాటు, టైమౌట్ అంటాం చూడండి, అలాంటిది ఇదొక్కటే గట్టిగా కనపడుతుంది.

దీన్ని తిట్టినవాళ్ళు తక్కువేం కాదు. ఊళ్ళో అప్పు పుట్టటం ఆగిపోయిందన్నారు. అందులో నిజం లేకపోలేదు. తీరని అప్పుని చట్టం తీర్చేస్తే, రేపు కొత్త అప్పు ఇచ్చేవాడు ముందే క్రయం రాయించుకుంటాడు. పైన చెప్పిన రెండు కాయితాల విద్య అలాగే బలిసింది. అయినా తరాలపాటు అసలుకి అయిదారింతలు గింజలుగా తిన్నవాడి చేతిలోంచి కాయితం లాగెయ్యటం తప్పని నేననుకోను.

చిన్న అప్పులన్నీ ప్రాంసరీ నోట్ల మీదే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అనగానే మనకి చెక్ బౌన్సు తప్ప ఏమీ గుర్తురాదు గానీ, అందులో 81వ సెక్షను చూడండి. బాకీ కట్టమని అడిగితే, కట్టేముందు నోటు చూపించమనే హక్కు, కట్టగానే నోటు చేతిలో పెట్టమనే హక్కు బాకీదారుకి ఉన్నాయి. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఈ సెక్షను చదవలేదు, అయినా అక్షరాలా పాటించేవాళ్ళు. డబ్బు అరుగు మీద పెట్టి, "ముందు నోటు తియ్యండి" అనేవాళ్ళు. నోటు బయటికొచ్చాకే లెక్క. లెక్క తేలాక రెవిన్యూ స్టాంపు మీదున్న సంతకాన్ని చించి ముక్క వేరు చేసేవాళ్ళు. కొంతమంది అక్కడే అగ్గిపుల్ల గీసేవాళ్ళు కూడా. మా నాయనమ్మ మాత్రం చించిన నోట్లు కూడా దాచేది, "చించిందని రేపు ఎవరు చెప్తారు" అని.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. నోటుకి ప్రాణం మూడేళ్ళు. మూడేళ్ళ లోపు కొంత చెల్లు పెట్టి సంతకం చేస్తే అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. కాబట్టి అప్పు తీరినా నోటు వెనక్కి రాకపోతే, దాని వెనక "ఈరోజు నూరు రూపాయలు ముట్టినవి" అని ఒక దొంగ చెల్లు పుట్టొచ్చు, చచ్చిన నోటు లేచి కూర్చోవచ్చు. అప్పిచ్చిన పెద్దాయన మంచివాడే అయి ఉండొచ్చు. ఆయన పోయాక పెట్టె తెరిచేది కొడుకులు.

ఇంతవరకూ అప్పిచ్చింది షావుకారో, మోతుబరో. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టాక, ముఖ్యంగా 1983లో ఎన్టీరామారావు ముఖ్యమంత్రి అయి పేదలకి పక్కా ఇళ్ళు మొదలెట్టాక, అప్పిచ్చేవాడు ప్రభుత్వమే అయ్యాడు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలన్నీ రకరకాల పేర్లతో కొనసాగించాయి. కొంత సబ్సిడీ, కొంత అప్పు. తాటాకు ఇళ్ళ స్థానంలో ఊరూరా కాలనీలు లేచాయి. మా మెట్ట ఊళ్ళ రూపురేఖలు మార్చింది అవే, అందులో రెండో మాట లేదు.

కాకపోతే ఆ ఇళ్ళకి రెండు తాళాలు. స్థలం చాలామందికి ప్రభుత్వం పట్టాగా ఇచ్చిందే, ఇలా ఇచ్చిన భూమి చేతులు మారకుండా 1977 చట్టం కాపలా కాసింది. 2007 తర్వాత రిజిస్ట్రేషను చట్టంలోని 22ఎ నిషేధిత జాబితా ఒకటి. ఇంటి మీద అప్పు ఇంకో తాళం. పేదవాడి స్థలాన్ని ఎవడో లాగేసుకోకుండా మొదటి తాళం అవసరమే. కానీ దాని ఫలితం ఏంటంటే, ముప్పై ఏళ్ళు కాపురమున్న ఇల్లు, కరెంటు బిల్లు నీ పేరు, ఇంటి పన్ను నీ పేరు, అయినా కూతురి పెళ్ళికో కొడుకు చదువుకో ఆ ఇంటి మీద బ్యాంకులో పైసా పుట్టదు. అమ్మితే తెల్లకాయితం మీద అమ్మాల్సిందే, కొన్నవాడికీ ఏ హక్కూ రాదు.

2021 డిసెంబరు 21న తణుకులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి మొదలుపెట్టిన సంపూర్ణ గృహ హక్కు పథకం ఈ తాళాల గురించే. జనం నోట్లో ఓటీఎస్. 1983 నుంచి 2011 దాకా గృహనిర్మాణ సంస్థ అప్పుతో కట్టుకున్నవాళ్ళు, బాకీ ఎంతున్నా సరే, పల్లెల్లో 10,000, మున్సిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 రూపాయలు కడితే మిగతా అసలూ వడ్డీ రద్దు. అసలు అప్పే లేనివాళ్ళకి పది రూపాయలు. ఇల్లు రిజిస్టరు చేసిస్తామన్నారు, 22ఎ జాబితాలోంచి తీస్తామన్నారు, అదీ గ్రామ సచివాలయంలోనే.

దీని మీద ఎంత రచ్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఎప్పటివో ఇళ్ళకి ఇప్పుడు డబ్బులేంటి, బలవంతపు వసూళ్ళు అని ప్రతిపక్షం, మేమొస్తే ఉచితంగా చేసిస్తామని తెలుగుదేశం. స్వచ్ఛందమే అని ప్రభుత్వం. రాజకీయం పక్కన పెడితే నా అభిప్రాయం ఇదీ. అప్పు తీర్చమని అడగటం కన్నా "కాయితం కావాలంటే కట్టు" అని అడగటంలో ఒక నిజాయితీ ఉంది, జనం కట్టేది దేనికో తేటగా చెప్పారు. కానీ ముప్పై ఎనిమిదేళ్ళ పాటు ఈ సంగతి ఏ ప్రభుత్వానికీ పట్టకపోవటాన్ని మాత్రం ఏమనాలి? ఇళ్ళు ప్రారంభించేటప్పుడు ఫొటోలుంటాయి, తాళం తీసేటప్పుడు ఉండవు, అందుకేనేమో.

మా మేనత్తది చెవిటికల్లులో కాలనీ ఇల్లే. పదివేలు కట్టి పత్రం తెచ్చుకుంది. వీడియో కాల్లో చూపించింది, ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తియ్యకుండానే.

"ఏం అల్లుడూ, ఇది బ్యాంకులో చెల్లుద్దా?" అంది.

"చెల్లాలత్తయ్యా, రిజిస్టరు పత్రమే కదా. అయినా ఇప్పుడు అప్పెందుకు నీకు?"

"అప్పెవరికి కావాల్రా. నేను పోతే మీ బావ పేరున మారుద్దా మారదా, అది చెప్పు."

మారుతుందని చెప్పాను. ఆవిడ అడిగింది ఒక్కటే, ఇల్లు తన కొడుక్కి ఇవ్వగలనా అని. ఆర్థికవేత్తలు పేదల ఆస్తి పెట్టుబడిగా మారటం గురించి పుస్తకాలు రాస్తారు. మా అత్తయ్యకి కావాల్సింది పెట్టుబడి కాదు.

ఇక మన సంగతి, అంటే ఈఎమ్ఐల జాతి. ఇరవై ఏళ్ళ లోను పదేళ్ళలో తీర్చేశామని పార్టీలు చేసుకుంటాం. నా ఫ్లాటు లోను 2019లో తీరింది. ఎన్‌ఓసీ వారంలో వచ్చింది, ఒరిజినల్ సేల్ డీడు రావటానికి నాలుగు నెలలు పట్టింది. బ్యాంకు పేరు ఎందుకులెండి. కాయితాలు వేరే రాష్ట్రంలో ఏదో స్టోరేజిలో ఉన్నాయన్నారు, రేపన్నారు, మేనేజరు మారాడన్నారు. ఆ నాలుగు నెలలూ నాకు మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని "ముందు నోటు తియ్యండి" అన్న మాటే చెవిలో మోగింది. మనం ముందు డబ్బు కట్టేస్తాం, నోటు తియ్యమని అడిగే పద్ధతే లేదు. కౌంటరు మీద కాయితం పెడితేనే ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కుతానని చెప్పి చూడండి, నవ్వుతారు.

ఇలాంటి ఫిర్యాదులు దేశమంతా పేరుకున్నాకే రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఒక ఉత్తర్వు ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలన్నీ ఇచ్చెయ్యాలి, రిజిస్టరైన చార్జి ఏదైనా ఉంటే తొలగించాలి. ఆలస్యానికి బ్యాంకుదే బాధ్యత అయితే రోజుకి 5,000 రూపాయల చొప్పున మనకే కట్టాలి. పత్రాలు పోగొడితే డూప్లికేట్లు తెచ్చివ్వటానికి సాయం చేసి ఖర్చు భరించాలి, దానికి ఇంకో 30 రోజులు. అప్పు తీసుకున్నవాళ్ళు పోతే వారసులకి ఎలా ఇస్తారో ముందే రాసి వెబ్‌సైట్లో పెట్టాలి. 2023 డిసెంబరు 1, ఆ తర్వాత పత్రాలు ఇవ్వాల్సొచ్చే కేసులన్నిటికీ ఇది వర్తిస్తుంది. చూడండి, 1882లో 60వ సెక్షను ఇచ్చిన హక్కే ఇది. కొత్తగా వచ్చిందల్లా గడువూ, జరిమానా. వాటికి 141 ఏళ్ళు పట్టింది.

అప్పిచ్చిన కంపెనీ ఇంకోదాంట్లో కలిసిపోతే? ఆ అమెరికనాయన తల్లి బాధ మనకీ ఉంది. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అంతకు మూడేళ్ళ ముందు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు ఎస్‌బీఐలో కలిసింది. మీ నాన్నగారు ఎనభైల్లో ఈ బ్యాంకుల్లో ఏదో ఒకదాంట్లో పొలం కాయితాలు పెట్టి అప్పు తీసుకుని, తీర్చి, కాయితాలు తెచ్చుకోకుండా ఉండిపోయి ఉంటే, అడగాల్సింది ఇప్పుడు కొత్త బ్యాంకునే. బాధ్యత విలీనంతో పాటే వెళ్తుంది. బీరువా వెళ్ళిందో లేదో మాత్రం బ్రాంచికెళ్ళి చూసుకోవాలి.

చక్రాలున్న ఆస్తికి మన దగ్గర కూడా అమెరికా లాంటి పద్ధతే. ఆర్‌సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరు ఎక్కించటానికి ఫారం 34, తీసెయ్యటానికి ఫారం 35. 2021 ఆగస్టులో కృష్ణకి వరదొచ్చి మా చెవిటికల్లు దగ్గర వందకి పైగా ఇసుక లారీలు నది మధ్యలో ఇరుక్కుపోయాయి, టీవీల్లో మీరూ చూసి ఉంటారు. వాటి ముందు అద్దాల మీద ఫైనాన్సు కంపెనీల పేర్లు చూస్తూ, నీళ్ళు ఇంకో రెండడుగులు లేస్తే మునిగేది ఎవరి లారీ అవుతుందా అనుకున్నాను. లారీ పోయినా వాయిదా పోదు. అదృష్టం, మనుషులందర్నీ బయటికి తెచ్చారు.

ఈ ఫారం 35 ని కూడా జనం బద్ధకిస్తారు. లోను తీరింది కదా, అమ్మేటప్పుడు చూద్దాంలే అని. అమ్మేనాటికి ఫైనాన్సువాడి ఆఫీసు ఎత్తేసి ఉంటుంది.

ఇల్లయినా అంతే. పత్రాలు చేతికొచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. తనఖా రిజిస్టరు చేసిచ్చి ఉంటే, అది ఈసీలో ఎక్కి ఉంటుంది. దాని రద్దు కూడా రిజిస్టరయితేనే ఈసీలో తేలుతుంది. 1998లో మన రిజిస్ట్రేషను ఆఫీసుల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు పెట్టాక ఈసీ తియ్యటం తేలికైంది గానీ, రాయించని రద్దుని ఏ కంప్యూటరూ చూపించలేదు. 2011 నుంచి సెర్సాయ్ అని కేంద్ర రిజిస్టరు ఇంకోటుంది, బ్యాంకు అక్కడ కూడా తన చార్జి తీసెయ్యాలి. లోను తీరిన నెలా రెణ్ణెల్లకి ఈ రెండు చోట్లా వెతికి చూసుకోండి. నా ఫ్లాటు ఈసీ మొన్న తీసి చూశాను, 2009 నాటి తనఖా ఒక వరస, 2020 నాటి రద్దు దాని కింద ఇంకో వరస. మా బావకి కూడా అత్తయ్య ఇంటి ఈసీ ఒకసారి తియ్యమని చెప్పాను. పండక్కి ఊరెళ్ళినప్పుడు కూర్చుని చూద్దామన్నాడు.